రాళ్ల డాక్టరు

తాడిపత్రిలో నన్ను రాళ్ల డాక్టరంటారు.
తెలియనోళ్లు నడుం పట్టుకోని వచ్చి
ఒంటేలుకు పోతే మంటని చెప్పుకుంటారు.
ఆ రాళ్లు కాదు తల్లీ, అంటాను.
మరి ఏ రాళ్లు సారూ?
ఈ మాటకు జవాబు దొరికేసరికి
నాకు పదకొండేండ్లు పట్టింది.

అనంతపురంలో ఎంబీబీఎస్ అయినాక
పీజీ ర్యాంకు రాలేదు. నిజం అంతే.
ఆశయమనేది తర్వాత నేర్చుకున్న మాట.
హాస్టల్లో నా గదిలో ఉన్న ఇద్దరిలో
ఒకడికి గుండె దొరికింది, ఇంకొకడికి కండ్లు.
నాకు సిమెంటు ఫ్యాక్టరీ గేటు పక్కన రేకుల గది,
బీపీ మిషను, టీటీ సూదులు,
'ఫిట్' అని కొట్టే రబ్బరు ముద్ర.

చట్టం అడుగుతోందంటే
మూడు నెలల కోర్సుకు చెన్నై పోయినాను.
"మూడు నెల్లకే స్పెషలిస్టువా?" అన్నాడు మా మామ.
"మిషను కుట్టేది నేర్చుకునేకే ఆర్నెల్లు కదప్పా!"

అక్కడ ఒక ముసలి మేడం,
ముక్కు మీద జారే కళ్లద్దాలు,
"నాలుక చూసే ముందు అరచేతులు చూడండి" అనేది.
ఎక్స్‌రేలు వెలుతురు పెట్టె మీద జతగా తగిలించి
"లెక్కపెట్టొద్దు. పక్కపక్కన పెట్టి పోల్చండి" అనేది.
ఆమె మాటలు నోట్సులో రాసుకున్నాను.
పరీక్షకు పనికొచ్చినాయి.

దూదేకుల కుళ్లాయప్ప వచ్చిన దినం
వాటి అర్థం తెలిసింది.
టీబీ మందులు రెండు మార్లు పూర్తిగా మింగినాడు,
కళ్లెలో ఒక్కసారీ పురుగు కనపడలేదు.
సంచి నిండా చీటీలు, ఏ చీటీలోనూ
ఆయన చేసే పని రాసేకి గడి లేదు.
నేనడిగినాను.
"బండ కోస్తా సారూ. పద్నాలుగో యేట్నుంచి."

గొట్టం నోట్లో పెట్టి
ఊదు, ఊదు, ఇంకా ఊదు అన్నాను.
అగ్గిపుల్ల ఆరేంత గాలి కూడా రాలేదు.
ఫిల్ము కిటికీకి పట్టి చూస్తే
రెండు పక్కలా కొర్రలు చల్లినట్టు తెల్ల చుక్కలు.
మొలిచేవి కావు. ఏరితే వచ్చేవి కావు.
ఆయన నున్నగా కోసిన నల్లబండ మీద
యాడనో ఎవురో చెప్పుల్లేకుండా నడుస్తాంటారు,
చల్లగా ఉండాదని.

"దీనికి మందేంది సారూ?"
నీళ్లు.
"తాగేవా?"
బ్లేడు మీద పోసేవి. ముందే పోయాల్సినవి.
ఆయన నవ్వినాడు, నవ్వు దగ్గయింది,
దగ్గు ఆగేదాకా ఇద్దరం గోడ చూస్తా కూచున్నాం.
"నాలుగు దినాలకొక ట్యాంకరొచ్చే ఊర్లో
రాతికి నీళ్లు పోయమంటావా?"

ఈ ప్రశ్న చెన్నైలో ఎవురూ అడగలేదు.

ఆ తర్వాతే నేను నా కుర్చీలోంచి లేచింది.
బండల యార్డుల్లో తిరిగినాను.
వాడిన నీళ్లే గుంతలో తేర్చి మళ్లీ తోడే లెక్క
సున్నపు గోడ మీద బొగ్గుతో వేసి చూపించినాను.
ఒక ఓనరు టీ ఇచ్చినాడు, ఒకాయన టీ కూడా ఇయ్యలేదు.
నలభై రెండు మిషన్లకు ఇప్పటికి
ఏడు తడిసినాయి.

మొన్న ఎవరో పిల్లడాక్టరు ఫోను చేసినాడు,
ఈ లైనులో స్కోపు ఉందా సార్ అని.
ఉద్యోగాలుండాయి నాయనా, జీతం పర్వాలేదు,
కంపెనీ క్వార్టర్సు, ఆదివారం సెలవు.
నువ్వు బతికించినోడు మాత్రం
నీకు దండం పెట్టడు, వానికి తెలీదు గనక.
చానాసేపు మాట్లాడలేదు ఆ పిల్లోడు.
మళ్లీ చేస్తానన్నాడు.

ఈ పొద్దున ఖాజా వచ్చినాడు, పంతొమ్మిదేండ్లు,
కుళ్లాయప్ప కొడుకు, పనిలో చేరేకి ముందు పరీక్ష.
ఊదమంటే ఊదినాడు,
గీత పైకి పోయి కాగితం దాటిపోయింది.
అంత గాలి! అంత శుభ్రమైన ఎక్స్‌రే!
ముద్ర చేతిలో పట్టుకుని శానాసేపు చూసినాను.
కొట్టినాను.
దాని కింద నా చేత్తో రాసినాను:
తడి కోతకు మాత్రమే.
సిరా ఆరేదాకా
దాని మీద నేనే ఊదతా నిలబడినాను.